లగ్జరీ క్రూయిజా, మామూలు క్రూయిజా: డబ్బు కట్టే ముందు తేల్చుకోవడం ఎలా?

అమ్మానాన్నల షష్టిపూర్తి అనో, పెళ్లయి పాతికేళ్లయిందనో, పిల్లల వేసవి సెలవులనో, సందర్భమేదైనా ఓడ ప్రయాణం తలపెట్టినవారు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. అదే సముద్రంలో, అవే 7 రాత్రులకు ఒక సంస్థ లక్ష రూపాయలు అడుగుతుంటే మరొకటి నాలుగు లక్షలు అడుగుతోంది. ఆ మూడు లక్షలకు అదనంగా ఏం వస్తుంది, అది మాకు అవసరమా? మొదటి సగానికి జవాబు ఎవరైనా చెప్పగలరు. రెండో సగానికి జవాబు మీ ఇంటి అలవాట్లలో ఉంటుంది కనుక, దాన్ని మీరే లెక్క వేసి తేల్చుకునే పద్ధతిని కింద ఇస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒకే ప్రాంతానికి, ఒకే నెలలో, అన్నే రాత్రులకు రెండు సంస్థల నుంచి తీసుకున్న కొటేషన్లు మొదటి అవసరం. డిసెంబరు ధరను సెప్టెంబరు ధరతోనూ, బాల్కనీ క్యాబిన్‌ను కిటికీ లేని క్యాబిన్‌తోనూ పోల్చితే ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా అది తప్పే అవుతుంది. రెండోది, ప్రయాణించేవారి వయసులు, తిండి నియమాలు, మద్యం అలవాటు, మెట్లు ఎక్కగలరా లేదా అన్నవి రాసిన కాగితం. మూడోది, అందరి పాస్‌పోర్టులు, వాటిలో ఇప్పటికే ఉన్న వీసాల గడువు తేదీలు. వీటితోపాటు ఒక సాయంత్రం తీరిక.

మెట్టు 1: సంస్థ ఏ తరగతిదో తెలుసుకోండి

మన పత్రికల్లో వచ్చే ప్రకటనల్లో ప్రతి ఓడా లగ్జరీ ఓడే. ఆ మాటను పట్టించుకోకుండా సంస్థ పేరు చూడండి. కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వీజియన్, ఎంఎస్‌సీ, కోస్టా అనేవి అందరికీ అందుబాటులో ఉండే పెద్ద ఓడల సంస్థలు. వాటికి ఒక మెట్టు పైన సెలెబ్రిటీ, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా ఉంటాయి. ఆ పైన ఓషియానియా, వైకింగ్, అజమారా. అసలు లగ్జరీ అనదగినవి రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ, సీబోర్న్, ఎక్స్‌ప్లోరా, రిట్జ్ కార్ల్‌టన్ వంటి కొద్ది సంస్థలే.

వీటిలో చాలావరకు ఒకే ఇంటి అన్నదమ్ములు. సిల్వర్‌సీ రాయల్ కరీబియన్ గ్రూపుది, సీబోర్న్ కార్నివాల్ కార్పొరేషన్‌ది, రీజెంట్, ఓషియానియాలు నార్వీజియన్ యజమానులవి, ఎక్స్‌ప్లోరా ఎంఎస్‌సీ గ్రూపుది. అందుచేత ఖరీదైన సంస్థ పెద్ద మనుషులదని, చవకైనది ఎవరిదో అని అనుకోనవసరం లేదు. వేర్వేరు జేబులకు వేర్వేరు ఓడలు, అంతే.

మెట్టు 2: రెండు భాగహారాలు చేయండి

ఫొటోలన్నీ ఖాళీ డెక్‌ల మీద తీసినవే కనుక వాటిని నమ్మకండి. ఓడ పేరుతో వెతికితే మూడు అంకెలు దొరుకుతాయి: గ్రాస్ టన్నేజీ, ప్రయాణికుల సంఖ్య, సిబ్బంది సంఖ్య. టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరికి ఎంత చోటు దక్కుతుందో, ప్రయాణికుల సంఖ్యను సిబ్బందితో భాగిస్తే ఒక్కో ఉద్యోగి ఎంతమందిని చూసుకోవాలో తెలుస్తుంది.

2024 జనవరిలో మొదలైన రాయల్ కరీబియన్ ఓడ ఐకన్ ఆఫ్ ది సీస్ టన్నేజీ 2,48,663. క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున 5,610 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. అంటే చోటు 44, సిబ్బంది ఒకరికి దాదాపు 2.4 ప్రయాణికులు. 2023లో వచ్చిన సిల్వర్‌సీ ఓడ సిల్వర్ నోవా టన్నేజీ 54,700, ప్రయాణికులు 728 మంది, సిబ్బంది దాదాపు 550. ఇక్కడ చోటు 75, సిబ్బంది ఒకరికి 1.3 ప్రయాణికులు. మన తీరంలో తిరిగే కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. దాని టన్నేజీ 48,500 పైచిలుకు, ప్రయాణికులు దాదాపు 1,600, కనుక చోటు 30. మొదటి భాగహారంలో 30 వస్తే బఫే దగ్గర వరుసలో నిలబడటానికి సిద్ధపడాలి, 40 దాటితే నేటి పెద్ద ఓడల్లో మామూలే, 60 దాటితే లగ్జరీ అన్న మాటకు కొంత అర్థం ఉందని నా కొలత.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు రెండు. గ్రాస్ టన్నేజీ అంటే ఓడ బరువు కాదు, అది లోపలి ఘనపరిమాణాన్ని బట్టి వేసే అంకె. రెండోది, ఒక ఓడకు క్యాబిన్‌కు ఇద్దరి లెక్కనూ మరో ఓడకు గరిష్ఠ సంఖ్యనూ తీసుకోవడం. ఐకన్‌లో మూడో, నాలుగో పడకలు కూడా నిండితే 7,600 మంది వరకూ ఎక్కవచ్చు. స్కూళ్ల సెలవుల్లో వెళ్లేవారు ఆ సంఖ్యతో భాగించుకుంటేనే అసలు రద్దీ అర్థమవుతుంది. అప్పుడు 44 కాస్తా 33కు దిగుతుంది.

మెట్టు 3: ధరను కాదు, మీ మొత్తం ఖర్చును పోల్చండి

అసలు తీర్పు తేలేది ఈ మెట్టులోనే, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. పెద్ద ఓడల సంస్థ చూపే ధరలో గది, ప్రధాన భోజనశాల, బఫే, నాటకశాల, ఈత కొలనులు ఉంటాయి. టిప్పులు, మద్యం, శీతల పానీయాలు, ఇంటర్నెట్, ప్రత్యేక రెస్టారెంట్లు, రేవుల్లో విహారాలు అందులో ఉండవు. లగ్జరీ సంస్థ ధరలో వీటిలో చాలావరకు కలిసే ఉంటాయి. కనుక కాగితాన్ని రెండు నిలువు వరుసలుగా గీసి, ఎడమవైపు పెద్ద ఓడ ధర కింద మీరు నిజంగా వాడేవి మాత్రమే ఒక్కొక్కటిగా కలుపుకుంటూ రండి.

లెక్క వేసే తీరు తెలియడానికి నేను అనుకున్న అంకెలతో ఒక నమూనా ఇస్తున్నాను. మీ కొటేషన్‌లోని అంకెలను వాటి స్థానంలో వేసుకోండి. 7 రాత్రుల కరీబియన్ ప్రయాణానికి బాల్కనీ క్యాబిన్‌లో తలకు 1,100 డాలర్లు. టిప్పులు రోజుకు 18.50 చొప్పున దాదాపు 130. మద్యం ప్యాకేజీ రోజుకు 75, దానిపై 18 శాతం సేవా రుసుము కలిపి 620. ఇంటర్నెట్ 140. రెండు ప్రత్యేక భోజనాలు 100. మూడు రేవుల్లో విహారాలు 270. మొత్తం 2,360 డాలర్లు, అంటే రోజుకు 337. అన్నీ కలిసి ఉన్న లగ్జరీ ఓడకు 4,550 అడిగారనుకుంటే రోజుకు 650. ప్రకటనలో నాలుగు రెట్లుగా కనిపించిన తేడా ఇప్పుడు రెండు రెట్లకు లోపే.

అయితే మన ఇళ్లలో చాలామంది మందు ముట్టరు. ఆ 620ను కొట్టివేస్తే పెద్ద ఓడ ఖర్చు 1,740కి, అంటే రోజుకు 249కి దిగి, తేడా మళ్లీ రెండున్నర రెట్లు దాటుతుంది. లగ్జరీ ఓడ ధరలో ఎప్పుడు పోసినా కాదనని షాంపేన్ ఖరీదు కూడా కలిసే ఉంటుంది. గ్లాసు పట్టని కుటుంబం ఆ మేరకు పక్క బల్లవారి విందుకు చందా ఇచ్చినట్టే. ఇది లగ్జరీ వద్దనడానికి కారణం కాదు గానీ, ఆ డబ్బు విశాలమైన గదికీ, నిశ్శబ్దానికీ, పేరుపెట్టి పలకరించే సేవకూ ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి.

హెచ్చరికలు కొన్ని ఉన్నాయి. "ఆల్ ఇన్‌క్లూజివ్" అన్న మాటకు అన్ని సంస్థల్లోనూ ఒకే అర్థం లేదు. రీజెంట్‌లో రేవు విహారాలు చాలావరకు ధరలోనే కలిసి ఉంటాయి, సీబోర్న్, ఎక్స్‌ప్లోరాల్లో మామూలుగా విడిగా కొనుక్కోవాలి. కొన్ని లగ్జరీ సంస్థల్లో విమాన టికెట్ కూడా కలిపి ఇంటి నుంచి ఇంటి వరకూ అన్న ధర ఒకటి, రేవు నుంచి రేవు వరకూ అన్న ధర మరొకటి ఉండవచ్చు. కొటేషన్‌లో ఏది రాశారో చూడకుండా పోల్చితే విమాన టికెట్ ఖర్చు రెండుసార్లు వేసుకునే ప్రమాదం ఉంది. పెద్ద ఓడల్లో చాలా సంస్థలు ఒక క్యాబిన్‌లో ఒక పెద్దవారు మద్యం ప్యాకేజీ తీసుకుంటే మిగతా పెద్దవారందరూ తీసుకోవాలంటాయి. భర్తకు అలవాటుండి భార్యకు లేనప్పుడు ప్యాకేజీ జోలికి పోకుండా, గ్లాసు గ్లాసుకూ డబ్బు ఇవ్వడమే చవక.

టిప్పుల గురించి ఒక మాట. పెద్ద ఓడల్లో రోజుకు తలకు 16 నుంచి 20 డాలర్ల వరకూ బిల్లులో వాటంతట అవే చేరుతుంటాయి. కొందరు కౌంటర్‌కు వెళ్లి వాటిని తీయించుకుని అదొక తెలివైన పనిగా చెప్పుకుంటారు. ఆ ఓడల్లో గది సర్దేవారి సంపాదనలో పెద్ద భాగం అదే కనుక, ఆ మొత్తాన్ని మొదటి రోజే ఖర్చులో రాసుకోమని నా సలహా.

మెట్టు 4: తిండి సంగతి రాతపూర్వకంగా అడగండి

శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తిననివారు, రాత్రి పెరుగన్నం లేకపోతే నిద్రపట్టని పెద్దవారు ఉన్న కుటుంబానికి ఇది ధర కంటే ముఖ్యం కావచ్చు. ఖరీదైన ఓడ కనుక మన తిండి తప్పక దొరుకుతుందనుకోవడం పొరపాటు. సింగపూర్ నుంచి తిరిగే పెద్ద ఓడల్లో భారతీయ ప్రయాణికులు ఎక్కువ కనుక మన వంటకాలు రోజూ ఉంటాయి. ఆ రేవు నుంచి వెళ్లే జెంటింగ్ డ్రీమ్‌లో శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి. లగ్జరీ ఓడలో మీ నలుగురే భారతీయులు కావచ్చు. అక్కడ వంటవారికి తీరిక, ఓపిక ఎక్కువ గానీ నడిసముద్రంలో మినపప్పు దొరకదు. అందుకే బయలుదేరడానికి కనీసం 60 రోజుల ముందు సంస్థ ప్రత్యేక అవసరాల విభాగానికి ఈమెయిల్ రాసి, "భారతీయ శాకాహారం" అని పొడిగా కాక, గుడ్డు, చేపల సాస్, మాంసపు రసం కూడా కలపకూడదని విడమరచి చెప్పండి. వచ్చిన జవాబును ప్రింట్ తీసి మొదటి రాత్రే భోజనశాల పెద్దకు చూపండి.

ఇంటి నుంచి తీసుకెళ్లే వాటి మీద కూడా ఆంక్షలు ఉంటాయి. సీలు వేసిన ప్యాకెట్లను చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఇంట్లో పెట్టిన ఆవకాయ, వండి కట్టిన పులిహోర మాత్రం ఓడ ఎక్కేచోటే ఆగిపోవచ్చు. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, విద్యుత్ కెటిల్ వంటివి అగ్నిప్రమాద భయంతో దాదాపు అన్ని ఓడల్లోనూ నిషిద్ధం.

మెట్టు 5: వయసులను ఓడకు సరిపోల్చండి

పిల్లలున్నవారికి ఈ మెట్టుతోనే నిర్ణయం అయిపోవచ్చు. నీటి జారుడుబల్లలు, మంచు స్కేటింగ్, రోజంతా నడిచే పిల్లల క్లబ్బులు పెద్ద ఓడల సొత్తు. లగ్జరీ ఓడల్లో చాలావాటిలో పిల్లలకు కేటాయించిన చోటే ఉండదు, ఎక్స్‌ప్లోరా వంటి కొన్నే ఇందుకు మినహాయింపు. వైకింగ్ 18 ఏళ్లలోపువారిని అసలు ఎక్కించుకోదు. పసిపిల్లలకు చాలా సంస్థల్లో 6 నెలలు, మహాసముద్రం దాటే ప్రయాణాలకు 12 నెలలు నిండి ఉండాలి. నలుగురికి ఒకే గది కావాలంటే పెద్ద ఓడల్లో మూడో, నాలుగో మనిషికి ధర బాగా తగ్గుతుంది. లగ్జరీ సూట్‌లు ఎక్కువగా ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి కట్టినవి.

అమ్మానాన్నలను ఒంటరిగా పంపుతున్నారా? అప్పుడు తూకం లగ్జరీ ఓడ వైపు మొగ్గుతుంది. వేలమందిలో దారి వెతుక్కోవడం, భోజనానికి వరుస, గది నుంచి నాటకశాలకు పావుగంట నడక 65 దాటినవారిని బాగా అలసిపెడతాయి. నేను మొదటిసారి మా పెద్దవాళ్లను ఒక పెద్ద ఓడలో తీసుకెళ్లినప్పుడు చవకని చెప్పి ఓడ కొసన గది తీసుకున్నాను. లిఫ్టు దగ్గరకు చేరడానికే ఒకసారి కూర్చుని లేవవలసి వచ్చింది. డెక్ పటంలో లిఫ్టులు ఎక్కడున్నాయో చూడకపోవడం నా తప్పు.

ఒంటరి ప్రయాణికులు మాత్రం "సింగిల్ సప్లిమెంట్" ఎంతో అడగాలి. పెద్ద ఓడల్లో ఒక్కరున్నా ఇద్దరి ధర కట్టించుకోవడం మామూలు. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ నుంచి ఆ సంస్థ ఒక్కరికే సరిపోయే చిన్న స్టూడియో గదులు ఇస్తోంది. లగ్జరీ సంస్థలు కొన్ని తేదీలకు ఈ అదనపు రుసుమును బాగా తగ్గిస్తాయి కనుక, ఒక్కరికైతే రెండింటి మధ్య తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

మెట్టు 6: రేవులు, వీసాలు చూడండి

చిన్న ఓడ చిన్న రేవులోకి నేరుగా వెళ్లగలదు, పెద్ద ఓడ బయట లంగరు వేసి పడవల్లో దింపవలసి రావచ్చు. గ్రీసు దీవి సాంటోరిని వంటి చోట ఏ ఓడైనా పడవలే శరణ్యం, కానీ 700 మంది దిగడానికీ 5,000 మంది దిగడానికీ పట్టే సమయంలో తేడా మీరే ఊహించుకోవచ్చు. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నేజీ దాటిన ఓడలను వెనిస్ జుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. అంటే సిల్వర్ నోవా వంటి లగ్జరీ ఓడకు కూడా అక్కడ దారి లేదు. కనుక "వెనిస్" అని రాసి ఉంటే ఏ రేవులో ఆపుతారని అడగండి. కొటేషన్‌లో ప్రతి రేవుకు ఎదురుగా ఓడ చేరే వేళ, బయలుదేరే వేళ రాసుకుని, మొత్తం నేల మీద గడిపే గంటలు కూడండి. పోలికకు ఇంత తేలికగా దొరికే అంకె మరొకటి లేదు, అయినా దీన్ని ఎవరూ కూడరు.

వీసాల విషయంలో, ఖరీదైన సంస్థ కనుక వారే చూసుకుంటారనుకోవడం ఖరీదైన పొరపాటు. ఓడ తాకే ప్రతి దేశం నియమాన్ని మీరే చూసుకోవాలి. మధ్యలో వేరే దేశాన్ని తాకి ఓడ ఎక్కిన దేశానికే తిరిగి వచ్చి దిగేటట్టయితే ఆ దేశపు వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లేదై ఉండాలి. అమెరికాలో ఉన్న తెలుగువారికి రెండు మాటలు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి ఐ-94 (అమెరికాలో ఎంతకాలం ఉండవచ్చో తెలిపే ప్రవేశ పత్రం) మాత్రమే మిగిలి ఉన్నవారికి, 30 రోజుల్లోపు కెనడా, మెక్సికోలకు వెళ్లి తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. బహామాస్, జమైకా వంటి దీవులకు అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసాలవారికే వర్తిస్తుంది, ఉద్యోగ వీసా హెచ్-1బి వారికి వర్తించదు. మయామీలో ఎక్కి మయామీలోనే దిగుతున్నాం కదా అని ధీమాగా ఉండవద్దు. ఇక అలాస్కా ప్రయాణం: 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం, సియాటిల్‌లో ఎక్కించుకుని సియాటిల్‌లోనే దించే విదేశీ జెండా ఓడ మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి, అందుకే అది సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. లగ్జరీ ఓడలు ఎక్కువగా వాంకూవర్ నుంచే బయలుదేరతాయి. రెండు విధాలా కెనడా నియమాలు చూసుకోవాలి.

మెట్టు 7: మధ్యే మార్గం ఉందేమో చూడండి

పిల్లలకు జారుడుబల్ల కావాలి, తాతయ్యకు ప్రశాంతత కావాలి. ఇలాంటి ఇంటికి ఓడలో ఓడ అనదగిన ఏర్పాటు సరిపోతుంది. ఎంఎస్‌సీలో యాచ్ క్లబ్, నార్వీజియన్‌లో హేవెన్, సెలెబ్రిటీలో రిట్రీట్ అనే పేర్లతో, పెద్ద ఓడలోనే విడిగా సూట్‌లు, విడిగా భోజనశాల, విడిగా డెక్ ఉంటాయి. ధర ఒక్కోసారి లగ్జరీ ఓడకు దగ్గరగా వెళ్తుంది కనుక మెట్టు 3 లెక్కను దీనికీ వేయండి. ఆ గీత దాటి బయటికి వచ్చాక నాటకశాలలోనూ, రేవులోనూ అందరితోపాటే ఉంటారని గుర్తుంచుకోండి.

ఓడ పడుతుందో లేదో తెలియనివారు ముందు 2, 3 రాత్రుల ప్రయాణం చేసి చూడవచ్చు. ముంబై, చెన్నై, సింగపూర్ నుంచి అలాంటివి దొరుకుతాయి. విశాఖపట్నంలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కనుక అక్కడి నుంచి ఏ ఓడ ఉందో కూడా చూడండి. ఈ పరీక్షతో మీకు కడుపులో తిప్పుతుందా లేదా తెలుస్తుంది, అంతే. వారాంతపు ఓడలో సందడి ఎక్కువ, దాన్ని చూసి 10 రాత్రుల ప్రయాణాన్ని అంచనా వేయవద్దు.

మెట్టు 8: డబ్బు కట్టే ముందు, దిగే ముందు సరిచూసుకోండి

మిగతా సొమ్ము కట్టవలసిన గడువు పెద్ద సంస్థల్లో తరచుగా 90 రోజుల ముందు, లగ్జరీ సంస్థల్లో 120 రోజులు లేదా ఇంకా ముందు ఉంటుంది. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలవుతుంది కనుక, వీసా ఆ తేదీకి ముందే చేతికి వస్తుందా అని చూడండి. భారతదేశంలో టూర్ ఆపరేటర్ ద్వారా విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది; అయినా అప్పటికి చేతిలో నుంచి పోతుంది, అందుకని రెండు వరుసల్లోనూ రాయండి. డాలర్లలో కార్డు గీకితే బ్యాంకు వేసే మార్కప్‌ను కూడా కలపండి. ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తీసుకోండి. ఓడలోని వైద్యానికి విడిగా బిల్లు వేస్తారు, లగ్జరీ ఓడలోనైనా అంతే.

ఏజెంటును ఈ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి: టిప్పులు ధరలో ఉన్నాయా, రేవు పన్నులు ఉన్నాయా, గది నంబరు ఖరారైందా లేక "గ్యారంటీ" గదా, విహారాలు ఏవి ఉచితం? "గ్యారంటీ" అంటే ఆ తరగతిలో సంస్థ ఇచ్చిన గదిని పుచ్చుకోవడమే, అది ఇంజన్ మీదిదైనా సరే.

ఇక ప్రయాణం ఆఖరి రాత్రికి ముందు సాయంత్రం, ఓడ యాప్‌లోనో గది టీవీలోనో మీ బిల్లు తెరిచి, దాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి, మెట్టు 3లో వేసుకున్న ఖర్చులో టికెట్ ధర, ముందే కట్టినవి పోగా మిగిలిన రోజు ఖర్చుతో పోల్చండి. తేడా 10 శాతం దాటితే ఒక్కో పద్దూ చూడండి. తాగని కాఫీ, పిల్లవాడు వీడియో గేముల గదిలో గీకిన కార్డు, రెండుసార్లు పడిన టిప్పు అందులో దొరకవచ్చు. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు ఆ సాయంత్రమే వెళ్లండి, ఎందుకంటే దిగే ఉదయం అక్కడ ఓడలో సగం మంది వరుసలో ఉంటారు.